విదేశీ ప్రయాణంలో కలిసిన అపరిచితుల స్నేహంపై నవల ఎలా రాయాలి?

ముందు దారిని ఎంచుకోండి, ఊళ్ల సంగతి తర్వాత. మామూలు పర్యాటకులు ఒకచోట కలిసి, మర్నాడు ఎవరి దారిన వాళ్లు పోతారు. మీకు అంత తేలిగ్గా విడిపోనివ్వని ప్రయాణం కావాలి. రష్యాలో మాస్కో నుంచి వ్లాదివోస్తోక్ దాకా 9,289 కిలోమీటర్లు దిగకుండా వెళ్తే ఆరేడు రోజులు ఒకే రైలుపెట్టెలో గడపాలి. స్పెయిన్‌లో శాంటియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి నడిచే యాత్రికులకు సత్రాల్లో సాధారణంగా ఒక్క రాత్రే బస. అందరూ ఒకే దిక్కుకు నడుస్తారు కాబట్టి పొద్దున విడిపోయినవాళ్లు సాయంత్రం మళ్లీ తారసపడతారు. కాకతాళీయాలతో నెట్టుకొచ్చే అవసరం ఉండదు.

ముఖ్యపాత్రలు ముగ్గురు, మహా అయితే నలుగురు. ఒక్కొక్కరికీ మూడు సంగతులు రాసుకోండి: ఎందుకు బయల్దేరామని చెబుతారు, అసలు ఎందుకు బయల్దేరారు, తిరుగు టికెట్ ఏ తేదీకి ఉంది. కథను తోసేది మూడోదే. షెంజెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాలు) స్వల్పకాలిక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. ఒకరికి 60 రోజులు, మరొకరికి 9 రోజులు మిగిలి ఉంటే వాళ్ల మాటతీరే మారిపోతుంది.

ఎక్కువ చిత్తుప్రతులు దెబ్బతినేది భాష దగ్గర. నాలుగు దేశాల మనుషులు మొదటి రాత్రే ధారాళంగా మనసు విప్పేస్తుంటారు! ఎవరికి ఏ భాష ఎంత వచ్చో ముందే పట్టిక వేసుకోండి. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది అరకొర ఇంగ్లీషే అయితే మాటలు పొట్టిగా, పనికి సంబంధించినవిగా ఉండాలి. వచ్చీరాని మాటలను వెక్కిరింతగా మాత్రం రాయకండి. అదే మనిషి సొంతభాషలో ఫోన్ మాట్లాడే సన్నివేశం ఒకటి పెట్టి, అక్కడ నిండైన తెలుగు వాడండి. అతనెంత మాటకారో పాఠకుడికి తెలుస్తుంది, పక్కనున్న నేస్తానికి ఇంకా తెలియదు. ఆ తేడా చాలా అధ్యాయాలకు సరిపోతుంది.

స్నేహాన్ని చిన్న బాకీలతో మొదలుపెట్టండి: అరువిచ్చిన ఛార్జరు, కాపలా కాసిన సామాను, కాలి బొబ్బకు అంటించిన ప్లాస్టర్. బాకీ తీర్చే అవకాశాన్ని రెండు మూడు అధ్యాయాలు ఆలస్యం చేయండి. గతాన్ని విడతలుగా ఇవ్వండి. మొదటి విడత అబద్ధమైనా ఫరవాలేదు.

80,000 పదాల నవలైతే 8,000 లోపు మొదటి ఇద్దరూ కలవాలి, 55,000 దగ్గర తగాదా రావాలి. రెండు ముక్కలు మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం తగాదా కాదు. స్థోమతలో తేడా, నడక వేగంలో తేడా అంత సులువుగా తీరవు.

చివరగా, సంభాషణల్లో పేర్లు, 'అన్నాడు', 'అంది' తీసేసి చదవండి. ఎవరి మాటో పోల్చుకోలేకపోతే ఆ పాత్ర ఇంకా తయారుకాలేదు. కట్టడాల వర్ణనల్లో, ఏ పాత్ర ప్రవర్తననూ మార్చనివి ఎంత బాగున్నా కొట్టేయండి.