కడుపుతో ఉన్న భార్యకి భయంగా ఉంటే భర్త ఏం చేయాలి

ఏడో నెలలో మా ఆవిడకి రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. నడుం నొప్పి అనేది, కాసేపు పక్కన కూర్చుంటే అసలు సంగతి బయటికొచ్చేది, కాన్పు ఎలా అవుతుందో, బిడ్డ బాగుందో లేదో అని. మా శ్రీకాకుళం వైపు ఇలాంటివి అమ్మతోనో వదినతోనో చెప్పుకుంటారు గానీ మొగుడితో తక్కువ. "ఏం కాదులే, టెన్షన్ పడకు" అని నేనూ అనేసేవాడిని, ఆ మాటతో తను నోరు మూసుకునేది. ముందు ఆ మాట మానేయండి. దేనికి ఎక్కువ భయంగా ఉందో అడిగి, చెప్పేది చివరిదాకా వినండి.

ఇక నడుం నొప్పికీ, మనసు కుదుటపడటానికీ మర్దనా. రక్తస్రావం, బీపీ, మాయ కిందికి ఉండటం, ముందే నొప్పులు రావడం, ఇలాంటివేమైనా ఉంటే డాక్టరమ్మని అడగకుండా మొదలుపెట్టొద్దు. ఐదో నెల దాటాక ఎక్కువసేపు వెల్లకిలా పడుకోబెట్టకండి, గర్భసంచి బరువు లోపలి పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. ఎడమ పక్కకి తిరిగి పడుకోమని, మోకాళ్ల మధ్య దిండు, పొట్ట కింద మడత పెట్టిన దుప్పటి పెట్టండి. ఉక్కపోతలో పడుకోలేకపోతే మంచం మీద దిండ్లు పేర్చి, తను కింద కూర్చుని వాటి మీదకి వాలినా చాలు.

కొబ్బరి నూనో నువ్వుల నూనో కొంచెం అరచేతుల్లో రుద్ది వెచ్చబడ్డాక రాయండి. వాసన పడకపోతే నూనె లేకుండా బట్ట మీదే చేయొచ్చు. మెడ కింద నుంచి భుజాల దాకా నిదానంగా, తర్వాత వెన్నెముకకి రెండు పక్కలా కింది నుంచి పైకి. వెన్నుపూస మీద నొక్కకూడదు. నడుం కింద చదునుగా ఉండే ఎముక మీద అరచేయి ఆనించి మెల్లగా గుండ్రంగా తిప్పితే మా ఆవిడకి అన్నిటికంటే ఎక్కువ హాయిగా ఉండేది. బలంగా పిసికితేనే నొప్పి పోతుందని నేను మొదట్లో అనుకున్నాను, అది తప్పు. గట్టిగా ఉందా, సరిపోయిందా అని మధ్యమధ్యలో అడగండి, వద్దంటే వెంటనే ఆపేయండి. పావుగంట చాలు. చేస్తున్నంతసేపూ నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమనండి, మీరూ తనతో పాటే చేయండి.

పొట్ట మాత్రం నొక్కొద్దు. బిడ్డని సర్దుతామని పెద్దవాళ్లెవరైనా కడుపు తోముతానన్నా ఒప్పుకోకండి. పిక్కలు గట్టిగా పిసకొద్దు, కడుపుతో ఉన్నప్పుడు కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ఒక కాలే వాచి, ఎర్రగా, వేడిగా నొప్పిగా ఉంటే మర్దనా మాట మర్చిపోయి ఆసుపత్రికి తీసుకెళ్లండి. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, రక్తం పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, ఇవేవీ తెల్లారేదాకా ఆగేవి కావు, 108కి ఫోన్ చేయండి. రెండు వారాలుగా భయంతో తిండీ నిద్రా పోయినా డాక్టరుకి చెప్పాల్సిందే. మనసు బాగోనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీమానస్‌కి, 14416కి, ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు. చనిపోవాలనిపిస్తోందని ఒక్కసారి అన్నా తనని ఒంటరిగా వదలొద్దు, అప్పుడే తీసుకెళ్లండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు, ఆ రోజు సెలవు పెట్టుకుని వెంట వెళ్లండి. తను భయపడేవన్నీ ముందే కాగితం మీద రాసుకుంటే అక్కడ అడగడం మర్చిపోరు.

పురిటికి పుట్టింటికి వెళ్లాక మనం విశాఖలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉండిపోతాం. వెళ్లేముందే నడుం ఎలా రాయాలో అత్తగారికి చూపించండి. నాకు మొదట మొహమాటంగానే ఉండింది, కానీ ఆవిడ శ్రద్ధగా నేర్చుకున్నారు. రాత్రి తొమ్మిదింటికి రోజూ ఫోన్ చేసేవాడిని, మాట్లాడటానికి ఏమీ లేకపోయినా ఇద్దరం కాసేపు ఆ ఊపిరి లెక్కే పెట్టుకునేవాళ్లం.