షార్ట్ ఫిల్మ్ ఎక్కడ చెడింది? లక్షణం చూసి కారణం పట్టుకోవడం

ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడిలో మేం ముగ్గురం కలిసి ఫోనుతో నాలుగు షార్ట్ ఫిల్ములు తీశాం. మొదటి రెండూ ఎవరికీ చూపించం. ఎడిటింగ్‌కి కూర్చున్నాక బయటపడిన తప్పుల్లో తొంభై పాళ్లు షూటింగ్ రోజు చేసినవే. అందుకే ఇక్కడ చెప్పే మందులు చాలావరకు షూటింగ్‌కి ముందు వేసుకోవలసినవి. కొన్నిటికి తర్వాత వైద్యం లేదు, ఆ సంగతి అక్కడే చెప్తాను.

బొమ్మ బాగుంది, మాట వినపడట్లేదు

కొత్తగా తీసేవాళ్లందరికీ వచ్చే జబ్బు ఇదే. కెమెరా కోసం డబ్బు దాచుకుంటారు గానీ మైకు గురించి ఎవరూ ఆలోచించరు. ఫోను మనిషికి ఆరడుగుల దూరంలో ఉంటే దాని మైకు కూడా ఆరడుగుల దూరంలోనే ఉంటుంది. ఆ మధ్యలో ఉన్న ఫ్యాను, ఫ్రిజ్, వీధిలో ఆటో అన్నీ మాటతో పాటు ఎక్కేస్తాయి. మన చెవి ఫ్యాను చప్పుడుని పక్కకి నెట్టేస్తుంది, మైకుకి ఆ తెలివి లేదు.

మా రెండో సినిమాలో మా అత్త ఏడుస్తూ మాట్లాడే సీను ఒకటుంది. ఒక్క టేకులో అదరగొట్టేసింది. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే వెనకాల అమ్మోరి గుడి మైకు సెట్టు పాట సన్నగా వస్తోంది. సన్నగానే కదా అనుకున్నాం. తీరా సీనులో రెండు వాక్యాలు కత్తిరిస్తే పాట కూడా చరణం మధ్యలోంచి ఇంకో చరణంలోకి గెంతింది. ఆ గెంతు ఒకసారి విన్నాక ఇంక మాట మీద ధ్యాస ఉండదు. మళ్లీ తీద్దామత్తా అంటే, "ఏటిరా, ఏడుపు అడిగినప్పుడల్లా వస్తాదేటి?" అంది. రాలేదు కూడా.

ఏం చేయాలంటే, మైకుని నోటి దగ్గరికి తీసుకెళ్లండి. కాలర్ మైకు ఉంటే మంచిదే. లేకపోతే రెండో ఫోనులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి నటుడి చొక్కా జేబులోనో, బల్ల మీద మంచినీళ్ల చెంబు వెనకో దాచండి. టేకు మొదట్లో గట్టిగా ఒక చప్పట కొట్టండి, ఎడిటింగ్‌లో బొమ్మనీ శబ్దాన్నీ కలపడానికి అదే గుర్తు. ఫ్యాను ఆపండి, మే నెలైనా సరే. ఫ్రిజ్ ఆపి బండి తాళాలు దాంట్లోనే పెట్టండి. తాళాల కోసం వెళ్లినప్పుడు మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది, లేకపోతే మర్నాడు పాలు విరిగి మీ అమ్మ చేతిలో సినిమా ఆగిపోతుంది. ప్రతి గదిలోనూ అందరూ నోరు మూసుకుని 30 సెకన్లు ఉత్త నిశ్శబ్దం రికార్డు చేసుకోండి. మాటకీ మాటకీ మధ్య అతుకులు ఆ నిశ్శబ్దంతోనే కప్పాలి.

మహేంద్రతనయ నది ఒడ్డున తీస్తే గాలి మైకులో బుర్రుమంటుంది. దానికి తర్వాత మందు లేదు. మైకుకి స్పాంజి తొడుగు వేయండి, గాలికి వీపు పెట్టి మాట్లాడించండి.

మొదట్లో సరిగ్గానే ఉంది, పోనుపోను మాట పెదాలకి వెనకబడుతోంది

శబ్దం విడిగా రికార్డు చేసినవాళ్లకి వచ్చే టెన్షన్ ఇది. వెలుగు తగ్గినప్పుడు ఫోను తనంతట తనే సెకనుకి తీసే ఫ్రేములు (విడి బొమ్మలు) తగ్గించుకుంటుంది, వెలుగొస్తే పెంచుకుంటుంది. అన్నీ ఒకే వేగంతో వచ్చాయని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. అక్కడ తేడా వస్తుంది. క్లిప్పుల్ని ఎడిటింగ్‌లోకి తెచ్చే ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకోండి. శబ్దాన్ని 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయండి, వీడియోకి అదే కొలత.

నటులు బొమ్మల్లా మాట్లాడుతున్నారు

నటన రాదని వాళ్లని తిట్టేముందు మీరు రాసిన మాట చూడండి. మా మొదటి స్క్రిప్టులో కొడుకు, "నాన్నగారూ, నేను విశాఖపట్నం వెళ్లి ఉద్యోగం వెతుక్కోవాలని నిర్ణయించుకున్నాను" అంటాడు. పర్లాకిమిడిలో ఏ కొడుకూ ఏ తండ్రితోనూ అలా అనడు. కుర్రాడు పాపం పదకొండు టేకులు తిన్నాడు. ఆఖరికి కాగితం పక్కన పడేసి, "నాన్నా, నాను విశాఖపట్నం ఎల్లిపోతన్నాను. పని సూసుకుంటాను" అన్నాడు. ఒక్క టేకులో అయిపోయింది.

ఇందులో సిగ్గు కూడా ఉంది. మన యాసని తెర మీద నవ్వించడానికి వాడటమే చూసి చూసి, కెమెరా పెట్టగానే మనవాళ్లు పుస్తకం భాషలోకి దూకేస్తారు. వాడుక భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరిది. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిందీ ఆయనే. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, ఆ ఊళ్లోనే గ్రాంథికంలో షార్ట్ ఫిల్మ్ తీస్తాం!

మందు సులువే. నటుడికి డైలాగు ఇవ్వకండి, సంగతి ఇవ్వండి. "నువ్వు వెళ్లిపోతున్నావు, మీ నాన్న బస్సు చార్జీకి కూడా డబ్బివ్వడు, అడుగు" అని చెప్పి రెండుసార్లు ఊరికే మాట్లాడించండి. వచ్చిన మాటల్లో మంచివి రాసుకుని అవే ఖాయం చేయండి.

ఒడియా సంగతి ఇంకోటి. 1936 నుంచి ఒడిశాలో ఉన్నాం, ఇంట్లో తెలుగు, బ్లాకాఫీసులో ఒడియా. సినిమాలో గుమస్తా చేత కూడా తెలుగు చెప్పిస్తే చూసేవాళ్లకి ఊరు తేడా కొడుతుంది. ఎవరి భాష వాళ్లని మాట్లాడనిచ్చి కింద సబ్‌టైటిల్స్ వేయండి. రెండు వరుసలు మించొద్దు. తీరిగ్గా ఒకసారి చదివేంతసేపు తెర మీద ఉంచండి.

వీడియోలో చారలు పాకుతున్నాయి, లైటు కొట్టుకుంటోంది

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకి వందసార్లు వెలుగు పెంచి తగ్గిస్తాయి. కంటికి తెలియదు, కెమెరా షట్టర్ దాంతో పొత్తు కుదరకపోతే చారలొస్తాయి. కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. వెలుగు ఎక్కువైతే 1/100. అప్పటికీ పోకపోతే ఆ బల్బు మార్చేయండి.

ముఖం నల్లగా ఉంది, లేదా షాటు మధ్యలో వెలుగు మారిపోతోంది

నటుడి వెనక కిటికీ ఉంటే ఫోను కిటికీని చూసి ముఖాన్ని చీకట్లో వదిలేస్తుంది. మనిషిని తిప్పి కిటికీ వెలుగు చెంప మీద పడేలా నిలబెట్టండి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట తీస్తే కళ్ల కింద గుంటలు పడతాయి. చెట్టు నీడలోకి తీసుకెళ్లి, ఉతికిన తెల్ల పంచె ఇద్దరు పట్టుకుని ఎండని ముఖం మీదికి కొట్టండి, ఉచితంగా లైటు దొరికినట్టే. షాటు మధ్యలో వెలుగు మారితే అది ఆటో ఎక్స్‌పోజర్ పని, అంటే ఫోను తనంతట తనే వెలుగు సర్దుకోవడం. చాలా ఫోన్లలో తెర మీద ముఖం దగ్గర వేలు అదిమి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి.

రాయగడ, గుణుపురం వైపు కొండల మధ్య తీసేవాళ్లకి ఒక మాట. సూర్యాస్తమయం ఫలానా టైముకి అని ఫోను చెప్తుంది గానీ, సూర్యుడు అంతకు చాలా ముందే కొండ చాటుకి పోతాడు. ముందు రోజే వెళ్లి ఎండ ఎప్పుడు పోతోందో చూసుకోండి.

ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, కానీ ఇద్దరూ ఒకవైపే చూస్తున్నట్టుంది

ఇద్దరి మధ్య నేల మీద ఒక గీత ఉందనుకోండి. ఒకణ్ణి గీతకి ఇటు నుంచి, రెండోవాణ్ణి అటు నుంచి తీశారు. అన్ని షాట్లూ గీతకి ఒకే పక్క నుంచి తీయాలి. టీ కొట్టు బల్ల దగ్గర చాక్‌పీసుతో నిజంగానే గీత గీసుకున్నాం, సిగ్గేమీ లేదు.

అయిదు నిమిషాల సినిమా అరగంటలా ఉంది

అలారం మోగడం, హీరో లేవడం, పళ్లు తోముకోవడం తీసేయండి. తలుపు తీసి, నడిచొచ్చి, కూర్చుని మాట్లాడితే, మాట దగ్గరే సీను మొదలెట్టండి. కత్తిరించినా కథ అర్థమవుతుంటే ఆ ముక్క అక్కర్లేదు. డ్రోన్ షాటైనా సరే.

ఫోనులో బాగుంది, బడి గోడ మీద వేస్తే చీకటిగా ఉంది

రాత్రిపూట ఫోను బ్రైట్‌నెస్ నిండా పెట్టి రంగులు దిద్ది ఉంటారు. ప్రొజెక్టరులో అంత వెలుగు ఉండదు. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి దిద్దండి. వేసే ముందు ఒకసారి ఇంటి టీవీలోనూ, ఒకసారి పాత ఫోనులో చవక ఇయర్‌ఫోన్స్‌తోనూ మొత్తం చూడండి. మాటలకన్నా సంగీతం పెద్దదిగా ఉంటే అక్కడ తెలిసిపోతుంది.