ఏ సిమ్ చవక? బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకి ఒక లెక్క

వ్యాలిడిటీ అయిపోతోందని మెసేజ్ రాగానే యాప్ తెరిచి, పోయినసారి ఏది చేశామో అదే నొక్కేసి ఫోన్ జేబులో పెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటు. మారతహళ్ళిలో పీజీ అద్దె దగ్గర ఐదొందల కోసం వారం రోజులు బేరమాడే మనిషి కూడా రీచార్జ్ దగ్గరికొచ్చేసరికి లెక్క వెయ్యడు. వేద్దామనుకున్నా కంపెనీలు అంత తేలిగ్గా వెయ్యనివ్వవు. ఒక ప్యాక్ 28 రోజులు, ఇంకోటి నెల, మరొకటి 84 రోజులు, ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది, పోస్ట్‌పెయిడ్ ధరలో ఉండదు, ఒకచోట ఓటీటీ ఉచితమంటారు, ఇంకోచోట 5జీ అన్‌లిమిటెడ్ అంటారు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది చవకో ఎవరికీ తెలియదు.

అందుకని ముందు అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోండి. ధరని రోజులతో భాగించండి, రోజుకి ఎంత పడుతోందో వస్తుంది. దాన్ని 365తో గుణిస్తే ఏడాది ఖర్చు. ఇంతకంటే పెద్ద గణితం ఇందులో లేదు. నేను కింద చెప్పే ధరలు చాలావరకు 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ రేట్లు పెంచినప్పుడు వచ్చినవి. ఇవి మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు కంపెనీ యాప్‌లో ఒకసారి చూసుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం అదే.

28 రోజుల ప్యాక్‌తో మొదలుపెడదాం, ఎక్కువమంది చేసేది అదే కాబట్టి. జియోలో 299కి 28 రోజులు, రోజుకి 1.5 జీబీ. ఎయిర్‌టెల్‌లో అదే 28 రోజులు, అదే 1.5 జీబీ కావాలంటే 349. చూడ్డానికి యాభై రూపాయల తేడా. రోజుకి లెక్కేస్తే మొదటిది 10.68, రెండోది 12.46. ఇక్కడ అసలు కిటుకు 28 అనే అంకెలో ఉంది. నెల అనుకుని చేయిస్తాం గానీ అది నాలుగు వారాలే, అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జ్‌లు. 299 పదమూడుసార్లు అంటే 3,887, 349 పదమూడుసార్లు అంటే 4,537. జీతం నెలకొకసారి వస్తుంది, రీచార్జ్ మాత్రం ప్రతిసారీ రెండు మూడు రోజులు ముందుకి జరుగుతూ ఉంటుంది. దీనిమీద జనం గొడవ చేశాకే 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రతి కంపెనీ దగ్గరా కనీసం ఒక 30 రోజుల ప్యాక్, ప్రతి నెలా అదే తారీఖున రీచార్జ్ చేసుకునే ప్యాక్ ఒకటి ఉండాలని ఆదేశించింది. ఉన్నాయి, కానీ యాప్‌లో మొదటి పేజీలో కనపడవు, కిందికి వెళ్ళి వెతుక్కోవాలి.

ఇప్పుడు 84 రోజులవి. జియోలో 799కి రోజుకి 1.5 జీబీ, అంటే రోజుకి 9.51. అదే 1.5 జీబీ, అవే 84 రోజులు ఎయిర్‌టెల్‌లో 859, రోజుకి 10.23. 28 రోజులది మానేసి ఇటు వచ్చినంత మాత్రాన అదే కంపెనీలో, అదే డేటాకి ఏడాదికి జియోలో నాలుగొందల పైన, ఎయిర్‌టెల్‌లో ఎనిమిదొందల దాకా మిగులుతుంది. నంబర్ మార్చక్కర్లేదు, పోర్ట్ (అదే నంబర్‌తో వేరే కంపెనీకి మారడం) అక్కర్లేదు, ఎవరితో మాట్లాడక్కర్లేదు. ఒకేసారి ఎనిమిదొందలు తియ్యడం నెలాఖరులో కష్టమైతే జీతం పడిన వారంలో చేయించుకోండి.

ఏడాది ప్యాక్ ఇంకా చవకే అయ్యుంటుందని అందరూ అనుకుంటారు. అన్నిసార్లూ కాదు. రెండు కంపెనీల్లోనూ 3,599 ప్యాక్ ఉంది, రోజుకి 9.86 పడుతుంది. ఎయిర్‌టెల్‌లో అది రోజుకి 2 జీబీ ఇస్తుంది, జియోలో 2.5 జీబీ. ఎయిర్‌టెల్ వాడేవాళ్ళకి ఇది 84 రోజుల ప్యాక్ కంటే స్పష్టంగా లాభం. జియోలో మాత్రం 1.5 జీబీ చాలనుకునేవాళ్ళకి 799దే రోజు లెక్కన చవక. పైగా ఏడాదికి కట్టేస్తే మధ్యలో వేరే కంపెనీకి పోతే మిగిలిన రోజులు పోయినట్టే, పైసా తిరిగి రాదు. గది మారే ఆలోచనలో ఉన్నవాళ్ళు, ప్రాజెక్ట్ మారి హైదరాబాద్ పోయే అవకాశం ఉన్నవాళ్ళు దీని జోలికి పోకపోతేనే మంచిది, కొత్తచోట సిగ్నల్ ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు.

రేట్లు చూసింది చాలు, ఇప్పుడు మీ వాడకం సంగతి. ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ అని ఉంటుంది, అందులో వైఫై కాకుండా మొబైల్ డేటా ఒక్కటే పోయిన నెలలో ఎంత అయిందో చూడండి. పగలంతా ఆఫీసు వైఫై, రాత్రి పీజీ వైఫై ఉన్నవాళ్ళకి మొబైల్ డేటా ఖర్చయ్యేది బస్సులోనో మెట్రోలోనో సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లోనో అంతే. నెలకి పది జీబీ దాటనివాళ్ళు రోజుకి 2 జీబీ ప్యాక్ కొంటే అరవైలో యాభై జీబీ వదిలేసుకుంటున్నట్టు, ఎందుకంటే రోజువారీ కోటా మర్నాటికి రాదు, అర్ధరాత్రితో సరి. వీఐలో కొన్ని ప్యాక్‌లకి వారంలో మిగిలింది శని, ఆదివారాల్లో వాడుకునే వెసులుబాటు ఉంది, వారాంతంలో ఊరికి బస్సెక్కేవాళ్ళకి అది పనికొస్తుంది.

అయితే పీజీ వైఫై అని పేరే గానీ నలభైమంది ఒక్క రౌటర్ మీద పడితే రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ కూడా ఆడదు, అందుకే చాలామంది 5జీ మీద ఆధారపడతారు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. 2024 జూలై నుంచి అన్‌లిమిటెడ్ 5జీ రోజుకి 2 జీబీ, ఆపైన ఇచ్చే ప్యాక్‌లకే. పైన చెప్పిన జియో 299, 799 రెండింటికీ అది రాదు. జియోలో 5జీ కావాలంటే 28 రోజులకి 349, లేదా 84 రోజులకి 859. ఎయిర్‌టెల్‌లో నెలకి 379, లేదా 84 రోజులకి 979. ఈ లెక్కలో ఏడాది 3,599 ప్యాక్ ఒక్కసారిగా చవకైపోతుంది, ఎందుకంటే 5జీతో కలిపి రోజుకి 9.86కి వచ్చేది అదొక్కటే. అంటే 5జీ వాడతారా లేదా అన్నదాన్నిబట్టి గెలిచే ప్యాక్ మారిపోతుంది, కంపెనీ పేరునిబట్టి కాదు.

ఇంకో సంగతి. అన్‌లిమిటెడ్ అనేది ఫోన్ 5జీ సిగ్నల్ మీద ఉన్నంతసేపే. పక్క భవనం గోడ కిటికీకి ఆనుకుని ఉండే గదుల్లో ఫోన్ ఉన్నట్టుండి 4జీలోకి జారిపోతుంది, ఆ క్షణం నుంచి రోజువారీ కోటా ఖర్చవుతుంటుంది, కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. దాంతో వాట్సాప్ మెసేజ్ వెళ్తే గొప్ప. రెండు కంపెనీలూ 5జీకి ముఖ్యంగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలకి గోడలు దాటే శక్తి తక్కువ, జియోకి అదనంగా 700 మెగాహెర్ట్జ్ కూడా ఉంది, అది లోపలికి బాగా చొచ్చుకొస్తుంది. అలాగని జియోనే మంచిదని తీర్పు చెప్పెయ్యకండి, టవర్ ఎంత దూరంలో ఉంది, దానిమీద ఎంతమంది ఉన్నారు అన్నదే ఎక్కువ పనిచేస్తుంది. మీరు చూద్దామనుకునే కంపెనీ సిమ్ ఉన్న పక్క మంచం వాళ్ళ ఫోన్ తీసుకుని, మీ మంచం మీద కూర్చుని రాత్రి తొమ్మిది తర్వాత స్పీడ్ టెస్ట్ చెయ్యండి. పొద్దున ఆరింటికి చేసిన టెస్ట్ ఎందుకూ పనికిరాదు.

బెంగళూరులో బాగున్న సిమ్ మన ఊళ్ళో బాగుండాలని లేదు. బాగేపల్లి దాటాక, పలమనేరు ఘాట్‌లో, ఊరి చివర పొలం దగ్గర ఏది పలుకుతుందో ఇంట్లోవాళ్ళనే అడగండి. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాప్‌లు పెట్టాలని ట్రాయ్ నియమం తెచ్చింది, అందులో ఊరి పేరు కొడితే 2జీ ఉందా 4జీ ఉందా 5జీ ఉందా అన్నది రంగుల్లో కనపడుతుంది. మ్యాప్‌లో ఆకుపచ్చగా ఉన్నచోట మేడెక్కితే గానీ మాట వినపడని ఊళ్ళు ఉన్నాయి కాబట్టి అమ్మ మాటే ఫైనల్.

బీఎస్‌ఎన్‌ఎల్ సంగతి చాలామంది అడుగుతారు. 2024 జూలైలో అందరూ పెంచినప్పుడు అది పెంచలేదు, చాలామంది అటు వెళ్ళారు కూడా. సొంత 4జీని దేశమంతటా అధికారికంగా ప్రారంభించింది 2025 సెప్టెంబరులో. ధరల్లో దాన్ని కొట్టేది లేదు. నా ఉద్దేశంలో మొదటి సిమ్‌గా పెట్టుకునేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి గానీ రెండో సిమ్‌గా మాత్రం నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

రెండో సిమ్ అంటే గుర్తొచ్చింది, మనవాళ్ళలో చాలామందికి ఊరి నంబర్ ఒకటి బ్యాంకు ఓటీపీల కోసమే బతుకుతూ ఉంటుంది. దానికి కూడా నెలనెలా డేటా ప్యాక్ వెయ్యడం శుద్ధ దండగ. 2024 డిసెంబరులో ట్రాయ్ డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని చెప్పింది, తర్వాతి నెలలో వచ్చేశాయి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకి 469, ఏడాదికి 1,849. జియోలో 84 రోజులకి 448, 336 రోజులకి 1,748. ఆ 336 చూశారా, ఏడాదిలా కనిపించే పదకొండు నెలలు! రోజుకి లెక్కేస్తే ఎయిర్‌టెల్ ఏడాదిది 5.07, జియోది 5.20.

ఊళ్ళో అమ్మానాన్నలకి కూడా ఇవి సరిపోవచ్చు, ఇంట్లో వైఫై ఉండి యూట్యూబ్ దానిమీదే చూసేవాళ్ళయితే. బటన్ల ఫోన్ వాడే నాన్నకి మాత్రం జియో సిమ్ కొనేముందు ఆలోచించండి. జియోకి 2జీ లేదు, పాత కీప్యాడ్ ఫోన్‌లో ఆ సిమ్ పనిచెయ్యదు. జియోభారత్ ఫోన్ కొంటే దానికి 28 రోజులకి 123 ప్యాక్ ఉంది, అయితే ఆ ప్యాక్ ఆ ఫోన్‌కే.

పోస్ట్‌పెయిడ్ గురించి ఎక్కువ చెప్పను. 449 అని రాసి ఉంటే దానిమీద 18 శాతం జీఎస్టీ వేసుకోండి, 529.82 అవుతుంది. ఒక్కరే ఉంటే ప్రీపెయిడ్ కంటే ఖరీదే. నలుగురుంటే కథ వేరు. జియోలో 449 ప్లాన్‌కి నెలకి 150 చొప్పున ఇంకో మూడు సిమ్‌లు కలుపుకోవచ్చు, మొత్తం 899, పన్నుతో 1,060 పైచిలుకు, అంటే మనిషికి 265. అందరూ ఒకే డేటా కుండలోంచి తాగుతారు కాబట్టి తమ్ముడు రీల్స్ పిచ్చోడైతే ముందే మాట్లాడుకోండి.

ఉచిత ఓటీటీ విషయంలో నా నియమం ఒకటే: ఆ ప్యాక్ లేకపోయినా ఆ ఓటీటీకి డబ్బు కట్టేవాళ్ళయితేనే దాని విలువ లెక్కలో వేసుకోండి, లేకపోతే సున్నా. కొన్ని పేమెంట్ యాప్‌లు రీచార్జ్ మీద ఒకటో రెండో రూపాయలు ఫీజు వేస్తాయి, కంపెనీ సొంత యాప్‌లో చేస్తే అది తప్పుతుంది.

ధరలు పోల్చేటప్పుడు సర్కిల్ (టెలికాం లెక్కలో మీ సిమ్ ఏ ప్రాంతానిదో అది) చూసుకోవడం మర్చిపోకండి. బెంగళూరులో కూర్చుని వెతికితే వెబ్‌సైట్లు కర్ణాటక ధరలు చూపిస్తాయి, కానీ మీ సిమ్ విజయవాడలోనో కరీంనగర్‌లోనో తీసుకున్నదైతే మీకు వర్తించేవి ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ధరలు. టెలికాం లెక్కలో తెలంగాణ కూడా ఇంకా అదే సర్కిల్. చాలా ప్యాక్‌లు రెండుచోట్లా ఒకటే, కొన్ని కావు. ట్రాయ్ వాళ్ళ టారిఫ్ పోర్టల్‌లో సర్కిల్ ఎంచుకుని అన్ని కంపెనీలవీ ఒకేచోట చూడొచ్చు, చూడ్డానికి సర్కారీగా ఉంటుంది గానీ అమ్ముకునే ఆత్రం ఉండదు.

ఇదంతా చేశాక కంపెనీ మారాలని తేలితే, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబర్ వేసి 1900కి మెసేజ్ పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, నాలుగు రోజులే చెల్లుతుంది. ఇప్పుడున్న కంపెనీలో తొంభై రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బాకీలు తీరిపోవాలి, ఈ మధ్యే సిమ్ పోయి కొత్తది తీసుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి. కోడ్ అడగ్గానే పాత కంపెనీ నుంచి ఫోన్లు మొదలవుతాయి, యాప్‌లో కనపడని ఆఫర్లు అప్పుడు బయటికొస్తాయి. అదీ రోజుకి ఎంతో భాగించి చూడండి, నిజంగా తగ్గితే ఉండిపోవడంలో తప్పు లేదు. ఒకే సర్కిల్‌లో మారడానికి మూడు పనిదినాలు, వేరే సర్కిల్‌కి ఐదు పడుతుంది. పాత సిమ్‌లో మిగిలిన వ్యాలిడిటీ, బ్యాలెన్స్ పోతాయి కాబట్టి ప్యాక్ అయిపోయే వారంలో పెట్టుకోండి. కొత్త సిమ్ వేశాక యూపీఐ యాప్‌లు మళ్ళీ నంబర్ వెరిఫై చేయమంటాయి, ఒక్కోసారి కొంతసేపు లిమిట్ కూడా పెడతాయి, అందుకని పీజీ అద్దె కట్టాల్సిన తారీఖు ముందు మాత్రం వద్దు.