కోడిపిల్లల రెట్టలో రక్తం కనబడితే ముందు ఊక చూడండి

పొద్దున్నే షెడ్డులోకి వెళ్లేసరికి నాలుగైదు పిల్లలు ఒక మూల చేరి, ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు జారేసి కునుకుతున్నాయంటే ముందు వాటి కాళ్ల కింద రెట్ట చూడండి. ఎర్రగా గానీ ఇటుక రంగులో జిగటగా గానీ ఉంటే చాలావరకు అది కాక్సీడియోసిసే, అంటే రక్త పారుడు. 3 నుంచి 6 వారాల వయసు పిల్లల్లో ఎక్కువ.

మన నెల్లూరు, ప్రకాశం వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నాకు టెన్షన్ కూడా ఆ మూడు నెలలే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను అప్పుడు పరదా చిరిగి జల్లు లోపలికి కొట్టింది, రెండు రోజులకి నేల మీద పరిచిన ఊక పైపైన ఆరినట్టు కనబడితే సరేలే అని వదిలేశాను, వారం పది రోజుల్లో పిల్లలు రాలిపోవడం మొదలైంది. కడుపులో పురుగులనుకుని నులిపురుగుల మందు పట్టించి రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఆ మందు దీనికి పనిచేయదు. ఇది పురుగు కాదు, ఐమీరియా అనే కంటికి కనబడని ఒంటికణం జీవి, పేగు గోడలోకి దూరి పెరుగుతుంది.

అనుమానం తీరాలంటే చచ్చిన పిల్లని వెంటనే కోసి చూడండి. పేగు చివర రెండు గుడ్డి సంచుల్లాంటివి ఉంటాయి, అవి ఉబ్బి నల్లెరుపు రంగులో, లోపల గడ్డకట్టిన రక్తంతో ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. రక్తం కనబడని రకాలు కూడా ఉన్నాయి, అందుకే ఒకటి రెండు పిల్లల్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి రెట్ట పరీక్ష చేయించడం మంచిది.

మందు నీళ్లలోనే ఇవ్వాలి, ఎందుకంటే జబ్బు పిల్ల మేత మానేసినా నీళ్లు తాగుతుంది. ఆంప్రోలియం 20 శాతం పొడి అయితే జబ్బు గట్టిగా ఉన్నప్పుడు లీటరుకి 1.2 గ్రాముల లెక్కన 3 నుంచి 5 రోజులు, తర్వాత అందులో పావు వంతు మోతాదు ఒకటి రెండు వారాలు. డబ్బా మీద వేరేగా ఉంటే, డాక్టరు వేరేగా చెబితే అదే పాటించండి. ఆ రోజుల్లో షెడ్డులో వేరే నీళ్లు పెట్టకండి. నీరసంగా ఉన్నాయని బి-కాంప్లెక్స్ కలపకండి, ఈ మందు బి1 విటమిన్‌లా నటించి ఆ జీవిని మోసం చేసి చంపుతుంది, మీరు అసలు బి1 పోస్తే మందు బలం తగ్గిపోతుంది. విటమిన్ కె, ఎ ఇవ్వొచ్చు.

ఇక ఊక. ఇది వదిలేస్తే మందు డబ్బులు నీళ్లపాలే. రెట్టతో పడిన ఐమీరియా గుడ్లు వెంటనే జబ్బు చేయవు, తేమా వెచ్చదనమూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో తయారవుతాయి, ఆ ఊక పొడుచుకుతిన్న పిల్లకి వారం లోపే జబ్బు. అందుకని రోజూ ఒక గుప్పెడు ఊక అడుగు నుంచి తీసి గట్టిగా పిసికి వదలండి. ముద్దగా నిలబడితే తడి ఎక్కువ, మెల్లగా విడిపోతే బాగున్నట్టు. నీళ్ల డబ్బాల చుట్టూ తడిసినది ఎత్తి బయట దూరంగా పారేసి, మిల్లు నుంచి తెచ్చిన పొడి ఊక వేయండి, మిగతాది రోజూ తిరగేయండి, సున్నం కొద్దిగా చల్లితే తేమ లాగుతుంది. డబ్బా అంచు పిల్ల వీపు ఎత్తులో ఉండాలి, కిందికుంటే ఒలకబోస్తాయి.

ఫినాయిలు, బ్లీచింగు కొట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి, ఆ గుడ్ల పెంకుని అవి దాటలేవు. బ్యాచ్ అయ్యాక ఊకంతా తీసేసి, నేల కడిగి బాగా ఎండబెట్టి, ఫ్లేమ్ గన్‌తో కాల్చాలి, మంట పెట్టేముందు పరదాలు పైకి చుట్టి కట్టేయండి. ఒక్కో షెడ్డుకి ఒక్కో జత చెప్పులు పెట్టుకోండి.

కోలుకున్న పిల్లలు కూడా కొన్నాళ్లు రెట్టలో గుడ్లు వదులుతూనే ఉంటాయి, కొత్త పిల్లల్ని వాటితో కలపకండి. ఒకసారి వచ్చి పోయింది కదా అనీ అనుకోకండి, కోళ్లకి వచ్చే ఐమీరియాల్లో ముఖ్యమైనవే 7 రకాలు, ఒకదాన్ని తట్టుకున్న కోడికి ఇంకోటి రావచ్చు.