పొద్దున మొదటి అడుగుకే మడమ నొప్పి: నాకు తగ్గిన తీరు

వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల షాపులో పొద్దంతా నిలబడే పని నాది. ఆరు నెలలు పొద్దున్నే మంచం దిగి కుడికాలు మోపితే చాలు, మడమలో మేకు దిగినట్టుండేది. పది అడుగులు వేశాక తగ్గేది, కూర్చుని లేస్తే మళ్లీ అదే. బామ్, వేడినీళ్లు, నొప్పి గోలీలు, మెత్తటి చెప్పులు అన్నీ అయిపోయాయి.

అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా ఒక నారపట్టీ ఉంటుందని, రాత్రంతా కదలక అది బిగుసుకుంటుందని ఫిజియోథెరపీ మేడమ్ చెప్పారు. అందుకే కాలు మోపకముందే దాన్ని సాగదీయాలట.

మంచం మీదనే కూర్చుని కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకుంటాను. కుడిచేత్తో కాలివేళ్లన్నీ పట్టుకుని పైకి, మోకాలి కింది ముందెముక వైపు వంచుతాను. ఎడమచేతి బొటనవేలితో అరికాలు తడిమి చూస్తాను. బిగించిన దండెంలా గట్టిగా తగలాలి, తగలకపోతే వంచింది సరిపోనట్టే. 10 లెక్కపెట్టి వదిలేస్తాను. ఇట్లా 10 సార్లు అయ్యాకే నేల మీద కాలు. రోజుకు మూడుసార్లు. మొదటి వారం లేచి నడిచాక చేశాను, ఏం లాభం లేకపోయింది.

మూడో వారంలో తేడా తెలిసింది, రెండు నెలలకు దాదాపు పోయింది. చెప్పులూ మార్చాను కాబట్టి మొత్తం దీనివల్లేనని అనలేను. మా అమ్మకు షుగర్. ఆమెవి తిమ్మిరి, రాత్రిపూట అరికాళ్ల మంట. అది నరాల నొప్పి, దానికి ఇది పనిచేయలేదు. అట్లాంటిదైతే ముందు డాక్టర్‌కు చూపించండి.