తిరుపతిలో కూర్చుని చెక్క ఓడకి పట్టీలు వేసుకోవడం ఎట్ల

మాది తిరుపతి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట పక్క మాలో కలిసి కాగితాల మీద మాకూ సముద్రం వచ్చింది గానీ ఊళ్ళో నిలబడి చూస్తే కొండ తప్ప ఇంకేం కనపడదు, అట్లాంటి ఊళ్ళో తెరచాప ఓడల మోడల్స్ చేస్తా ఉంటే చూసినోళ్ళంతా అడిగేది ఒకటే, ఎర్రచందనంతో చేయొచ్చు కదన్నా అని. స్వామీ, పర్మిట్ లేకుండా ఆ కొయ్య మన ఇంట్లో దొరికితే ఓడ సంగతి తర్వాత, నేను పోతా లోపలికి. పైగా అది బండ గట్టి, వంగే రకమే కాదు.

ఇప్పుడు చెప్పేది పొట్ట మీద పట్టీలు వేయడం గురించే, ప్లాంకింగ్ అంటారే అది. మాస్టులు (తెరచాప కట్టే స్తంభాలు), తాళ్ళు వీటి జోలికి పోవట్లేదు. మొదటిసారి చేసేవాళ్ళు విసిగిపోయి ఓడని అటక మీద పెట్టేసేది ఎక్కువగా ఈ పట్టీల దగ్గరే.

కిట్ తెప్పించుకుంటే ఆర్టెసానియా లాటినా, అమాటి, ఓక్రే ఇట్లాంటి కంపెనీలవి ఉన్నాయి, కాకపోతే కస్టమ్స్‌తో కలిపి జేబు కాలుతుంది. సొంతంగా చేసుకునేవాళ్ళు అస్థిపంజరానికి (అంటే ఓడ పొడుగునా వెన్నెముకలా ఉండే కీల్, దానికి అడ్డంగా పక్కటెముకల్లా నిలబెట్టే బల్క్‌హెడ్లు) 4 ఎంఎం ప్లైవుడ్, పట్టీలు రెండు వరసలుగా వేస్తాం కాబట్టి లోపలి మొదటి వరసకి 1.5 ఎంఎం మందం 5 ఎంఎం వెడల్పు పట్టీలు, పై వరసకి ప్లైవుడ్ షాపులో దొరికే టేకు వెనీర్ తెచ్చుకోండి, అది సుమారు అర ఎంఎం మందం ఉంటుంది, స్టీలు స్కేలు పెట్టి బ్లేడుతో గ్రెయిన్ (చెక్కలోని నార గీతలు) వెంబడి కోసుకోవచ్చు. మొదటి వరసకి అంకుడు కర్ర చాలా బాగుంటుంది, ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్రే, తెల్లగా నున్నగా ముడులు లేకుండా వస్తుంది. కొండపల్లి బొమ్మల పొణికి కర్ర పట్టీలకి మరీ మెత్తన, దాన్ని ముక్కు దగ్గర బల్క్‌హెడ్ల మధ్య ఖాళీ నింపడానికి వాడుకోండి, ఉప్పుకాగితానికి వెన్నలా అరుగుతుంది.

కీల్ తిన్నగా ఉందా లేదా అని అద్దం పలక మీద పడుకోబెట్టి చూసి, బల్క్‌హెడ్లు మూలమట్టం పెట్టి అతికించండి. ఇంక చాలామంది ఎగరగొట్టేసే పని ఒకటుంది, అంచులు వాలుగా అరగదీయడం. ముక్కు పక్క బల్క్‌హెడ్లకి ముందు అంచు, వెనక పక్క వాటికి వెనక అంచు తగ్గాల. పొడుగు చెక్కకి 120 నంబరు ఉప్పుకాగితం అతికించి ఒకేసారి మూడు బల్క్‌హెడ్ల మీద ఆడేట్టు రుద్దండి, ఒక్కోదాన్ని విడిగా రుద్దితే గుంట పడుతుంది. పని అయిందో లేదో తెలియాలంటే ఒక పట్టీని పొట్ట చుట్టూ వేలితో ఒత్తి పెట్టి చూడండి, ప్రతి బల్క్‌హెడ్‌కీ వెడల్పంతా తగలాల, ఎక్కడా మోకాలు లేవకూడదు. నాకు దీనికే రెండు ఆదివారాలు పోతాయి.

ఇప్పుడు అసలు సంగతి. పుచ్చకాయ మీద చారలు చూడండి, నడుమ వెడల్పు, తొడిమ దగ్గరికి సన్నం. ఓడ పొట్ట కూడా అంతే, నడుమ లావు, ముక్కు దగ్గర సన్నం, కానీ మనం చేసేది ఏంటంటే అంతా ఒకే వెడల్పు పట్టీలు తెచ్చి పై నుంచి ఒకటి తర్వాత ఒకటి అతికించుకుంటా పోవడం, నాలుగో పట్టీకి అది ముక్కు దగ్గర పక్కకి వంగనంటుంది, బలవంతంగా వంచితే ఒక అంచు పైకి లేస్తుంది, అప్పుడు పిన్నులు కొట్టి ఫెవిక్విక్ పోసి తిట్టుకుంటాం. వంచక ముందే కొలవాల.

సన్నటి కాగితం పట్టీ తీసుకుని నడిమి బల్క్‌హెడ్ అంచు వెంబడి డెక్ (ఓడ పైతట్టు) గీత నుంచి కీల్ దాకా పెట్టి గుర్తు పెట్టండి. 80 ఎంఎం వచ్చింది అనుకుందాం, 5 ఎంఎం పట్టీలు 16 పడతాయి. ముక్కు దగ్గర బల్క్‌హెడ్‌కి అదే కొలిస్తే 56 వచ్చింది, 16తో భాగిస్తే 3.5, అంటే అక్కడ ప్రతి పట్టీ 3.5కి తగ్గాల. లెక్కలంటే చిరాకు ఉన్నోళ్ళు కాగితాన్ని నాలుగుసార్లు సగానికి మడవండి, 16 భాగాలు వాటంతట అవే వస్తాయి, ఆ గీతలు బల్క్‌హెడ్ మీద దించుకుంటే చాలు. ఒకవేళ ముక్కు దగ్గర 36 ఎంఎమ్మే వస్తే ఒక్కోటి 2.25 అవుతుంది, సగం వెడల్పు కన్నా తగ్గిన పట్టీ చీలిపోతుంది, చూడ్డానికీ సూదిలా ఉంటుంది, అప్పుడు రెండు పట్టీలు ఒకదాంట్లో కలిసిపోయేట్టు చేయాల. వెనక పక్క తిరకాసు, 88 వస్తుంది, 16 పట్టీలు 80నే కప్పుతాయి, మిగిలిన 8 ఎంఎంకి మధ్యలో మొన తేలిన ముక్కలు దూర్చాల, వీటిని స్టీలర్స్ అంటారు.

సన్నం చేసేటప్పుడు ఎడమకి ఒకటి కుడికి ఒకటి రెండు పట్టీలు కలిపి బిగించి ఒకేసారి చిత్రిక పట్టండి, రెండూ అచ్చం ఒకేలా వస్తాయి. చెక్కేది ఒక అంచునే. అతికించేటప్పుడు కూడా ఎడమ ఒకటి వేస్తే వెంటనే కుడి ఒకటి, ఒక పక్కే వేసుకుంటా పోతే కీల్ మెలి తిరుగుతుంది, ఇంక దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

కీల్‌ని ఆనుకునే మొదటి పట్టీని గార్‌బోర్డ్ అంటారు, దాన్ని ముక్కు పైకి ఎగబాకనీయకండి, అది ఎగబాకితే పైనున్న వాటన్నిటికీ చోటు తక్కువై ముక్కు దగ్గర ఇరుక్కుంటాయి.

వంచడానికి పట్టీని వేడినీళ్ళలో ఓ 20 నిమిషాలు నానబెట్టి సోల్డరింగ్ ఐరన్ మీదో, హెయిర్ స్ట్రెయిటనర్‌తోనో మెల్లగా వంచండి. మా ఇంట్లో ఇడ్లీ పాత్ర ఆవిరి వాడబోయి తిట్లు తిన్నా, కాబట్టి పాత కెటిల్ ఒకటి విడిగా పెట్టుకోండి. వంచాక పొట్ట మీద బట్టల క్లిప్పులతో బిగించి పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు ఫెవికాల్ పెట్టాల. తడిసిన చెక్క వెడల్పుకి ఉబ్బి ఉంటుంది, తడి మీదే అతికిస్తే ఆరాక కుదించుకుని సందులు పడతాయి. మే నెల్లో మన దగ్గర గంటలో ఆరిపోతుంది, నవంబరు వానల్లో రెండు రోజులైనా చెమ్మ పోదు. నా మొదటి ఓడకి పట్టీలన్నీ కార్తీకమాసం ముసురులోనే వేశా, నున్నగా అద్దంలా వచ్చింది, రోహిణి కార్తెకి చూస్తే పట్టీకి పట్టీకి మధ్య గోరు దూరేంత సందు. అప్పట్నుంచి వానాకాలం కీల్, బల్క్‌హెడ్ల పనే పెట్టుకుంటా, పట్టీలు సంక్రాంతి దాటాకే.

మొదటి వరసలో చిన్న సందులుంటే ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి నింపి 180 నంబరు ఉప్పుకాగితంతో రుద్దేయండి, ఎట్లాగూ కప్పడిపోతుంది.

పై వరస వెనీర్‌కి కొలతలు అవే. ఒక అంచుకి మెత్త పెన్సిల్ రుద్దితే పట్టీల మధ్య తారు పూసినట్టు నల్ల గీత పడుతుంది. నిజం ఓడల్లో మొత్తం పొడుగూ ఒకే పలక ఉండదు, 24 అడుగుల పలక 1:50 స్కేల్‌లో సుమారు 146 ఎంఎం, అంత పొడుగు ముక్కలే వాడండి, అతుకులు ఒకదాని కింద ఒకటి రానీయకండి, ఒకే బల్క్‌హెడ్ మీద రెండు అతుకులు పడాలంటే మధ్యలో కనీసం మూడు పట్టీలు అడ్డం ఉండాల. బయటికి వచ్చిన ఫెవికాల్ అప్పటికప్పుడు తడిబట్టతో తుడవండి, ఎండిపోతే ఆడ పాలిష్ ఎక్కదు, తెల్ల మచ్చలు మచ్చలుగా ఉండిపోతుంది. చివర్లో 240, తర్వాత పలచగా లక్క పాలిష్ రెండు కోట్లు, వీలైతే లోపల కనపడని చోట కూడా ఒకటి కొట్టండి, చెమ్మ తొందరగా పీల్చుకోదు.