‘అరౌండ్ ది కార్నర్’ ఎలా వాడాలి?

ఏదైనా త్వరలో రాబోతున్నదని చెప్పే ఇంగ్లిష్ మాట ఇది. ముందుగా, ‘కార్నర్’ అనగానే తలలోకి వచ్చే ‘మూల’ను పక్కన పెట్టండి. మన మూల ఇంట్లోది, చీపురు పెట్టేది. పైగా ‘మూలకు పడ్డది’ అంటే ఇక పనికిరాదనే. ఇంగ్లిష్ వాళ్లు ఇక్కడ చెప్పేది వీధి మలుపు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఏ సందు తిరిగినా అంతే: మలుపు అవతలి దుకాణం ఇప్పుడు కనబడదు, నాలుగడుగులేస్తే ఎదురుగా ఉంటుంది. రాబోయే రోజుకూ అదే పోలిక.

తర్వాత వాక్యం కట్టడం. రాబోయే సంగతి ముందు, ఆపైన ‘ఈజ్’ లేదా ‘ఆర్’, చివర ఈ మాట. ‘దసరా ఈజ్ అరౌండ్ ది కార్నర్’ అంటే దసరా దగ్గర పడ్డది. మరీ దగ్గరైతే ‘జస్ట్ అరౌండ్ ది కార్నర్’. ‘ది’ని మింగేయొద్దు, మనవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడే. ‘ఇన్ ది కార్నర్’ అన్నారో, మళ్లీ చీపురు మూలకే పోతారు.

ఎంత దగ్గరైతే వాడొచ్చు? లెక్క లేదు, సంగతిని బట్టి ఉంటుంది. మార్చిలో టెన్త్ పరీక్షలుంటే ఫిబ్రవరిలో అనొచ్చు, జూన్‌లో అంటే నవ్వుతారు. దీపావళి నాడు, ఆ వెంటనే వచ్చే పాలమూరు కురుమూర్తి జాతర గురించి నిశ్చింతగా అనొచ్చు. తేదీ మాత్రం అదే వాక్యంలో చేర్చకండి. ‘రేపో మాపో పదిన్నరకు’ అని మనమూ అనం కదా.

అసలు చిక్కు బస్సుతో. దేవరకొండ బస్సు కదలబోతుంటే ‘ది బస్ ఈజ్ అరౌండ్ ది కార్నర్’ అన్నారనుకోండి, విన్నవాళ్లు సంచి పట్టుకొని నిజంగానే మలుపు దాకా పోతారు. బస్సు, దుకాణం, మనిషి లాంటి వాటికి ఈ మాట చోటునే చెబుతుంది. అక్కడ ‘ది బస్ ఈజ్ అబౌట్ టు లీవ్’ అనాలి. పండుగ, పరీక్ష, ఎన్నికలు, వానకాలం లాంటివైతేనే కాలం అర్థం వస్తుంది.

దీని చుట్టాలతో కలపొద్దు. ‘టర్న్ ది కార్నర్’ అంటే గండం గడిచి కోలుకోవడం. ‘కట్ కార్నర్స్’ అంటే పైసలో శ్రమో మిగుల్చుకోవడానికి పని నాసిగా చేయడం. సిమెంటు తగ్గించి కట్టిన మోరీకి సరిపోతుంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు మాట మార్చాలి. పండుగైతే ‘దగ్గర పడ్డది’, ఫీజు గడువైతే ‘నెత్తిమీదికి వచ్చింది’. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే సాగుతుంది. ఆఫీసు లేఖలో మాత్రం ఇది వద్దు, తేదీ రాయండి.